కుట్టుకు వదిలిన అంగుళం

నవంబరు 6

ఈ పుస్తకం నాది. ఎవరైనా తెరిచి ఇక్కడిదాకా వచ్చి ఉంటే మర్యాదగా మూసేయండి. ముఖ్యంగా వదిన. కత్తెర నా చేతిలోనే ఉంటుంది. నిన్ననే సాన పట్టించాను.

ఈ రోజు ఓనరు కటింగ్ బల్ల దగ్గరికి వచ్చాడు. ఆయన మనుషులతో మాట్లాడడు, గుడ్డతో మాట్లాడతాడు. బల్ల మీద పరిచిన నీలం తానును నిమురుతూ దానికి చెప్పాడు: “పాటర్న్ కోర్సుకు ఒకరిని పంపుదామనుకుంటున్నా. ఫీజు నేనే కడతా. వేసవి అయ్యాక మొదలవుతుంది. నీ చెయ్యి బాగుంది. కాకపోతే పదో తరగతి ప్యాసవ్వాలంట.”

నేనూ తానుకే చెప్పాను. “నేను ఆరుతో ఆపేశా.”

“మార్చిలో ప్రైవేటుగా రాయి. ప్యాసైతే సీటు నీది. లేకపోతే ఇంకెవరినో చూసుకుంటా.”

తాను ఏమీ అనలేదు. నేను కత్తెర అందుకున్నాను. ఆ తరువాత కత్తిరించిన నిక్కర్లన్నీ కాస్త కోపంగా వచ్చాయి.

మా వర్క్‌షాపులో కుట్టేది స్కూలు యూనిఫారాలు. నేను బడి మానేశాను గానీ బడి నన్ను మానలేదు. రోజూ తానులకు తానులు బడినే కత్తిరిస్తున్నాను. అదీ ఎవడో గీసిన గీత మీద. ఆ కోర్సు చేస్తే గీత గీసేది నేను. నాకు కావలసింది అంతే. నా గీత. దాని మీద కత్తెర ఎవరు నడిపినా సరే.

నవంబరు 7

ఇంట్లో చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. పెళ్ళి భోజనాల్లో ఆకులు పంచుకున్నట్టు నా సబ్జెక్టులు పంచేసుకున్నారు.

“సోషలు నాకొదిలేయండి,” అన్నాడు తాతయ్య. అమ్మ వాళ్ళ నాన్న. సినిమా హాల్లో ప్రొజెక్టరు ఆపరేటరుగా చేశాడు, ఆ హాలు గోడౌను అయ్యేదాకా.

“నువ్వేం చదివావని తాతయ్యా?”

“చదవడమెందుకే. నా చేత్తో ఎంతమంది రాజుల్ని సింహాసనం ఎక్కించానో, ఎంతమందిని దించానో. రీలు మారిస్తే రాజ్యం మారిపోయేది.”

అన్నయ్య దూరాల బస్సు నడుపుతాడు. “భూగోళం నాది. భూమి గుండ్రంగా ఉందని నాకు తెలిసినట్టు ఎవరికీ తెలీదు. ఎటు పోయినా మళ్ళీ డిపోకే వస్తా.”

వదిన ఆసుపత్రి ల్యాబులో రక్తం తీస్తుంది. సైన్సు డిగ్రీ. ఆ డిగ్రీ హాల్లో ఫ్రేము కట్టి ఉంది, నాన్న ఫొటో పక్కనే. నాన్నకు దండ ఉంది, డిగ్రీకి లేదు, అదొక్కటే తేడా. “లెక్కలు, సైన్సు నేను చెప్తా. ఆడపడుచు గారికి కోపం రాదంటే.”

“నాకెందుకు కోపం?” అన్నాను. గ్లాసు కాస్త గట్టిగా పెట్టాను, అంతే. ఆ సొట్ట ముందు నుంచీ ఉంది.

అమ్మ కిటికీ దగ్గర మిషను తొక్కుతోంది. నేను వర్క్‌షాపులో కత్తిరించిన స్కర్టులే అక్కడ కుట్టై, కింది మడతల కోసం మా ఇంటికి వస్తాయి. మా ఇంట్లో నా పని నా వెనకే వస్తుంది, కుక్కపిల్లలాగా.

“అమ్మా, నువ్వేమంటావు?”

మిషను ఆపలేదు. “స్కర్టులకు మడత తగ్గించేస్తున్నావు. ఇంకో రెండు వేళ్ళు వదులు. పిల్లలు పెరగరా?”

చదువు గురించి ఒక్క ముక్క లేదు. ఇష్టం లేదు ఆవిడకు. బల్ల దగ్గర నా బదులు ఎవరు నిలబడతారని భయం. సరే. నాకేం పట్టలేదు.

నవంబరు 12

తెలుగు నాకెవరూ చెప్పక్కర్లేదు. పాత పేపర్లలో నేర్చుకున్నాను. పాటర్న్‌లు మేం పేపర్లతోనే కత్తిరిస్తాం, బల్ల మీద పడ్డదల్లా చదువుతాను. ఒకే చిక్కు. నాకు తెలిసిన ప్రపంచానికి చంకలు కత్తిరించి ఉంటాయి. ఒక ఊళ్ళో వరద వచ్చింది, జనం ఇళ్ళ కప్పులెక్కారు, పడవలు బయలుదేరాయి, అక్కడ మెడ కటింగు. వాళ్ళు బతికారో లేదో నాకు ఈనాటికీ తెలియదు. ఒక మంత్రి తాను రాజీనామా చేయబోనని అన్నాడు, ఆ కింద కాలరు.

వదిన ఈ సంగతి విని పడీపడీ నవ్వింది. పాఠ్యపుస్తకం తెచ్చి ఇచ్చింది. ముందు కొన నుంచి చివరి కొన దాకా చిరగని పుస్తకం. మొదటి పాఠం పూర్తయ్యాక ఏం చేయాలో తోచలేదు. కథ అయిపోవడం ఇలా ఉంటుందా?

నవంబరు 15

తాతయ్య క్లాసు. ఆయన పుస్తకం తెరవడు. నేను చదివి వినిపిస్తే కళ్ళు మూసుకుని వింటాడు, తరువాత దాన్ని సినిమాగా చెప్తాడు.

“మొదటి సీను. కోట. పొద్దున. రాజు ఇంకా పళ్ళు కూడా తోముకోలేదు, పన్నులు కట్టలేమని గుమ్మం ముందు జనం. క్లోజప్పులో ఒక ముసలాడు.”

“పుస్తకంలో ముసలాడు లేడు తాతయ్యా.”

“జనం అన్నాక ఒక ముసలాడు ఉండడా ఏమిటే? నోర్మూసుకుని చూడు.”

చెప్తే ఏముంది, చూస్తున్నట్టే ఉంది. రాజు మేడ మీంచి కిందికి వస్తున్నాడు, మెట్టు మీద కాలు పెట్టాడు, అంతే. “ఇంటర్వెల్,” అన్నాడు తాతయ్య. టీ తాగి గుర్రు పెట్టాడు. మిగతాది రేపట.

పాఠం చెప్తున్నంతసేపూ అమ్మ మిషను ఆపేసి కూర్చుంది. ఇంటర్వెల్ అనగానే మళ్ళీ మొదలుపెట్టింది, ధడధడా, మిషను కాళ్ళు విరిగేట్టు. ఇంత కోపం ఉంటే నోటితో చెప్పొచ్చుగా.

నవంబరు 21

అన్నయ్య డ్యూటీ దిగి వచ్చాడు. భూగోళం.

“మ్యాపు అలా గోడకు తగిలిస్తే ఎలా అర్థమవుతుందే? బల్ల మీద పెట్టు. ఇదిగో డిపో. ఇక్కడ నువ్వు స్టీరింగు దగ్గర కూర్చున్నావు. ఎడమ చేతికి కొండలు. కుడి చేతికి నది.”

“తూర్పు ఏది?”

“తూర్పంటే పొద్దున్నే కళ్ళల్లో ఎండ కొట్టేది. వచ్చేటప్పుడైతే కొట్టదు.”

“వచ్చేటప్పుడు నది ఎటుంటుంది మరి?”

“ఎడమ చేతికి.”

“నది మారిందా?”

“బస్సు తిరిగిందే మొద్దూ.”

ఏది ఏమైనా ఎడారి ఎందుకు ఎడారో ఇప్పుడు నాకు తెలుసు. కొండలు దాటేటప్పుడు మబ్బులు బరువు దించేస్తాయట, ఘాట్ రోడ్డుకు ముందు ఓవర్‌లోడు దించినట్టు. అవతలికి వెళ్ళేవి ఖాళీ మబ్బులు. ఇది అన్నయ్య చెప్పిందా, పుస్తకంలో ఉందా అని చూశాను. రెంటిలోనూ ఉంది.

డిసెంబరు 2

వదిన సైన్సు. గుండెకు నాలుగు గదులు. మా ఇంటికి రెండే.

“నీ గుండెలో నాలుగూ అద్దెకిచ్చేశావు,” అంది వదిన. “ఒకదాంట్లో కోపం, రెండోదాంట్లో కోపం, మూడో దాంట్లో కోపం వాళ్ళ చుట్టాలు.”

“నాలుగోదాంట్లో?”

“తాళం వేసి ఉంది. తాళం చెవి ఎక్కడ పెట్టావో మర్చిపోయి ఉంటావు.”

ఈవిడ నేను ఫెయిలవ్వాలని చూస్తోంది. లేకపోతే డ్యూటీ నుంచి వచ్చి, కాళ్ళు వాచి ఉన్నా, నా ముందు కూర్చుని ఇన్నిన్ని చీవాట్లు ఎందుకు పెడుతుంది?

డిసెంబరు 9

మిషను మళ్ళీ ఆగింది. తాతయ్య గొంతు సవరించుకుంటే చాలు, ఆపేస్తుంది.

డిసెంబరు 18

ఇంగ్లీషు. నాకు ఇంగ్లీషు రాదని ఎవరన్నారు? యూనిఫారాల మెడలో కుట్టే లేబుళ్ళన్నీ చదువుతాను. అక్షరాలు అక్కడే నేర్చుకున్నాను. మా అమ్మ గురించి అయిదు వాక్యాలు రాయమంది వదిన. తెలిసిన మాటలతోనే రాశాను:

మై మదర్ ఈజ్ హండ్రెడ్ పర్సెంట్ కాటన్. హ్యాండ్ వాష్ ఓన్లీ. డు నాట్ వ్రింగ్. డ్రై ఇన్ షేడ్. కీప్ అవే ఫ్రమ్ ఫైర్.

వదిన చదివి పెదవి కొరుక్కుంది. నవ్వాపుకుంటోందనుకుని నేను కత్తెర వైపు చూశాను. తరువాత అందరికీ వినపడేట్టు తెలుగులో చదివింది: “మా అమ్మ అచ్చమైన నూలు. చేత్తోనే ఉతకాలి. గట్టిగా పిండకూడదు. నీడలో ఆరేయాలి. నిప్పుకు దూరంగా ఉంచాలి.”

తాతయ్య కళ్ళు తెరిచాడు. అన్నయ్య టీ గ్లాసు పట్టుకుని అలాగే ఉన్నాడు. కిటికీ దగ్గర మిషను టక్కున ఆగింది. దారం తెగింది. అమ్మ చేతిలో దారం తెగగా నేనెప్పుడూ చూడలేదు.

“ఎన్ని తప్పులు?” అన్నాను.

“తప్పుల్లేవు,” అంది వదిన. “కానీ పరీక్షలో ఇది రాయకు. దిద్దేవాడు పాపం మార్కులు వేయడం మర్చిపోతాడు.”

దాని అర్థం ఇంకా తేలలేదు. తిట్టే అయి ఉంటుంది.

జనవరి 8

తాతయ్య ఈ రోజు విజృంభించాడు. పారిశ్రామిక విప్లవం. బట్టల మిల్లులు. నేను చదువుతుంటేనే నాకు పళ్ళు నూరుకోవాలనిపించింది, ఆయన చెప్తుంటే లేచి నిలబడ్డాను.

“పొద్దు పొడవక ముందే సైరను. మిషన్ల కింద దూరగలిగేంత చిన్న పిల్లలు, ఆడపిల్లలు, తెగిన దారాలు ముడేస్తున్నారు. ఓ రోజు వాళ్ళలో ఒకతి, నీలాంటిదే, ముక్కు మీద కోపం, చేతిలో దారం కింద పడేసింది. ‘నేను ముడెయ్యను’ అంది. పక్కది కూడా పడేసింది. ఒకరి వెనక ఒకరు. మిల్లు మొత్తం ఆగింది. అందరూ బయటికొచ్చి గేటు ముందు కూర్చున్నారు. వాన. లోపల్నుంచి ఓనరు తాళాలు పట్టుకుని నడుచుకుంటూ వస్తున్నాడు. గేటు దాకా వచ్చాడు. తాళంచెవి తీశాడు.”

ఆగాడు.

“తాతయ్యా, వద్దు.”

“ఇంటర్వెల్.”

ఈ మనిషి మీద కేసు పెట్టాలి.

మిషను వెంటనే మొదలవలేదు. తరువాత మొదలైంది. మెల్లగా.

జనవరి 11

వదిన లెక్కల పరీక్ష పెట్టింది. పది లెక్కలు. పదీ తప్పు. ఒకటీ రెండూ కాదు, పది.

మొదట నవ్వింది, తరువాత నుదురు చిట్లించింది. “ఇదేంటే, అన్నీ ఎక్కువే వచ్చాయి. ఒక్కటన్నా తక్కువ రావాలి కదా. పొలం పొడవు నలభై, వెడల్పు ముప్ఫై. చుట్టూ కంచెకు తీగ ఎంత? నూట నలభై. నీకు నూట నలభై ఎనిమిది ఎలా వచ్చింది?”

“నలభై రెండు, ముప్ఫై రెండు. చుట్టూ వేస్తే నూట నలభై ఎనిమిది.”

“నలభై రెండు ఎక్కడిది?”

“నలభై కొలత. అటొకటి ఇటొకటి కుట్టుకు వదిలాను.”

వదిన నా వంక చూసింది. నేను వదిన వంక చూశాను. అన్నయ్య సోఫాలోంచి కిందికి జారాడు, నవ్వలేక.

“పొలానికి కుట్టెందుకే?”

“కొలత ఇచ్చారంటే వదిలే కత్తిరించాలి. వదలకపోతే కుట్టాక బిగుతవుతుంది.”

“ఎవరికి బిగుతవుతుంది, ఎద్దులకా?”

వృత్తానికీ వదిలాను. త్రిభుజానికి మూడు వైపులా వదిలాను. నీళ్ళ ట్యాంకుకు కూడా వదిలానట, చూసుకుంటే నిజమే. అలవాటు. నాకు తెలియకుండానే చెయ్యి వదిలేస్తుంది. అన్నయ్య అన్నాడు, “ఒసేయ్, దేశం సరిహద్దుకు కూడా వదిలావంటే యుద్ధాలొస్తాయే.”

పుస్తకం విసిరాను. గోడకు తగిలింది, మనిషికి కాదు. “మీ చదువూ వద్దు, మీ కోర్సూ వద్దు, నేను గీత మీదే కత్తిరించుకు చస్తాను,” అన్నాను. వదిన లేచింది. పుస్తకం తీసి, నలిగిన పేజీ అరచేత్తో సాపు చేసింది, ఇస్త్రీ చేసినట్టు. అదింకా మండించింది నన్ను.

జనవరి 12

చదవలేదు.

జనవరి 13

చదవలేదు. మిషను ఒక్కసారి కూడా ఆగలేదు. అమ్మకు కావలసింది జరిగింది. సంతోషంగా ఉండి ఉంటుంది.

జనవరి 14

చదవలేదు. ఓనరు ఒక గళ్ళ గుడ్డను అడిగాడు, చదువు ఎలా సాగుతోందని. సాగుతోందని చెప్పాను గుడ్డకు. గుడ్డకు అబద్ధం చెప్పడం ఇదే మొదటిసారి.

జనవరి 15

పని నుంచి వచ్చి గోడకు తిరిగి పడుకున్నాను. తాతయ్య టీ తాగుతున్నాడు. వదిన కూరగాయలు తరుగుతోంది. మిషను ఆగింది. ఎవరూ పాఠం చెప్పడం లేదు, అయినా ఆగింది.

“లే,” అంది అమ్మ.

“తలనొప్పి.”

“లేచి ఆ పుస్తకం తీసి మీ తాతయ్య ముందు కూర్చో.”

“ఎందుకు? నీకిష్టం లేదుగా?”

అమ్మ చేతిలో స్కర్టు ఉంది. దాన్ని మడత పెట్టింది, విప్పింది, మళ్ళీ మడత పెట్టింది. “వారం నుంచి ఆ పిల్లలు వానలో కూర్చుని ఉన్నారు. గేటు తీశాడా, లేదా?”

నన్ను ఎగతాళి చేస్తోంది. ఇంత వయసొచ్చి కూతురిని ఎగతాళి చేసే తల్లి ఎక్కడన్నా ఉంటుందా? లేచాను. ఆవిడ మాటకు కాదు. మూడు రోజులు గోడను చూసి విసుగొచ్చింది.

గేటు తీశాడు. తాతయ్య చెప్పాడు. ఊరికే తీయలేదు, జనం ఇంకా పెరిగారు, పక్క మిల్లుల వాళ్ళూ వచ్చారు, చివరికి చట్టం వచ్చింది, చిన్నపిల్లల్ని మిల్లులో పెట్టకూడదని. పుస్తకంలో అంతా రెండు లైన్లు. తాతయ్య అన్నం వేళ దాకా చెప్పాడు. ఇంటర్వెల్ ఇవ్వలేదు.

ఎందుకు ఇవ్వలేదని అడిగాను. ఆయన గ్లాసులోకి చూస్తూ అన్నాడు, “మీ అమ్మ చిన్నప్పుడు నాకు హాలుకు క్యారేజీ తెచ్చేది. ఆపరేటరు గదిలో కిటికీ దగ్గర నిలబడి చూసేది. ఇంటర్వెల్ కాగానే ఇంటికి పంపేసేవాణ్ణి, మీ అమ్మమ్మకు మిషను దగ్గర చెయ్యి కావాలని. ఎన్ని సినిమాలు చూసిందో లెక్కలేదు. ఒక్కటీ పూర్తిగా చూళ్ళేదు.”

నా పేపర్లలో వరద గుర్తొచ్చింది ఎందుకో.

ఫిబ్రవరి 3

లెక్కలు మళ్ళీ మొదలు. వదిన ప్రతి లెక్క పైనా ఎర్ర సుద్దతో రాస్తోంది: వదలకు. నా సుద్దే. అడక్కుండా తీసుకుంది.

మెల్లగా తగ్గుతోంది. ఈ రోజు పదిలో నాలుగింటికే వదిలాను.

ఫిబ్రవరి 19

ఒక దిక్కుమాలిన లెక్క. తోట పొడవు ఇరవై, వెడల్పు పదిహేను, దాని బయట చుట్టూ ఒక మీటరు వెడల్పున బాట. బాట వైశాల్యం ఎంత? వదిన రెండుసార్లు చెప్పింది. బొమ్మ గీసింది. నాకు ఎక్కలేదు. ఎందుకంటే రెండు వారాలుగా వదలకు, వదలకు అని నా బుర్రకు తాళం వేసింది ఆవిడే. ఇప్పుడు చుట్టూ మీటరు అంటే పెన్ను కదలడం లేదు.

నేను అరిచాను. ఆవిడా అరిచింది. తాతయ్య దుప్పటి ముసుగేశాడు.

“దానికంత ఏడుపెందుకు?” అంది అమ్మ, మాకు వీపు పెట్టే. “తోట అంటే ఒంటి కొలత. బాట అంటే కుట్టుకు వదిలింది. వదిలి కత్తిరించిన ముక్కలోంచి ఒంటి కొలత తీసేయ్. ఇంకేం మిగుల్తుంది, బాటే.”

ఇరవై రెండు, పదిహేడు. మూడొందల డెబ్బై నాలుగు. అందులోంచి మూడొందలు పోతే డెబ్బై నాలుగు. పుస్తకం వెనక చూశాను. డెబ్బై నాలుగు.

వదిన సుద్ద కింద పెట్టేసింది. “అత్తయ్యా, రేపట్నుంచి మిషను నేను తొక్కుతా. మీరొచ్చి ఇక్కడ కూర్చోండి.”

“నాకేం తెలుసమ్మా. మిషను చప్పుడులో ఏదో చెవిన పడింది.”

ఆ చప్పుడులో అంత దూరం నుంచి పడిందంటే అమ్మ చెవులు మంచివే. దృష్టే తగ్గింది.

మార్చి 17

రేపు మొదటి పరీక్ష. ఓనరు సెలవు ఇచ్చాడు. తెల్ల గుడ్డకు చెప్పి ఇచ్చాడు. అమ్మ నా కోసం కొత్త చుడీదారు కుట్టింది. బాగా వదులు. ఇంత వదులెందుకంటే “పరీక్షలో ఊపిరాడొద్దా,” అంది. మరి చదువు ఇష్టం లేనిదానికి కుట్టడమెందుకు? అర్థం కాదు ఈవిడ.

మార్చి 18

తెలుగు. బాగా రాశాను. చుట్టూ నేను కత్తిరించిన యూనిఫారాలే. ముందు బెంచీ పిల్ల స్కర్టు నా చేతిదే, అమ్మ మడతే. మడత విప్పి పొడవు చేశారు, పాత కుట్టు గీత కనిపిస్తోంది. రెండో ఏడు వాడుతున్నారన్నమాట.

మార్చి 21

సోషలు. మిల్లుల ప్రశ్న వచ్చింది. రాస్తూ రాస్తూ మధ్యలో ‘విశ్రాంతి’ అని రాశాను. కొట్టేశాను. మ్యాపులో నది గుర్తించమన్నారు. ఎటు వెళ్ళే బస్సో చెప్పలేదు. తల తిప్పి, కాగితం తిప్పి, చివరికి గుర్తించాను. ఇన్విజిలేటరు నా వంక అనుమానంగా చూసింది. బస్సు తిప్పుతున్నానమ్మా, కాపీ కొట్టడం లేదు.

మార్చి 24

లెక్కలు. మొదటి లెక్కకే వదిలాను. చూసుకున్నాను. కొట్టేశాను. రెండోదానికీ వదిలాను. పెన్ను పట్టుకున్న చేతిని ఎడమ చేత్తో గిల్లాను. పేపరు తిప్పితే వెనక ఈత కొలను, దాని చుట్టూ బయట గట్టు. గట్టు వైశాల్యం ఎంత.

నవ్వొచ్చింది. గట్టిగానే వచ్చినట్టుంది. ఇన్విజిలేటరు మళ్ళీ చూసింది.

కుట్టుకు వదిలాను. ఒంటి కొలత తీసేశాను.

మే 20

ప్యాసు. తెలుగులో నా ముందు ఎవరూ లేరని చెప్పుకోవచ్చు, ఎందుకంటే ఇంట్లో రాసింది నేనొక్కదాన్నే. లెక్కల్లో బొటాబొటీ. ఆ కొలను మార్కులు లేకపోతే మునిగేదాన్ని.

తాతయ్య “శుభం” అన్నాడు, తెర మీద వేసినట్టు చేత్తో గాల్లో రాసి. అన్నయ్య రెండుసార్లు హారను కొట్టాడు, ఇంట్లో, నోటితో. వదిన నా నెత్తిన మొట్టి, “నాలుగో గది తాళం దొరికిందా?” అంది. దొరకలేదన్నాను. ఆవిడ కాళ్ళు ఇంకా వాచే ఉన్నాయి. వేడి నీళ్ళు పెట్టి ఇచ్చాను. ఊరికే. స్టవ్ ఎలాగూ వెలుగుతోంది.

అమ్మ “మంచిది” అంది. మిషను తొక్కుతూనే ఉంది. ఈ రోజన్నా ఆపాల్సింది.

జూన్ 14

కోర్సు. మొదటి గీత గీశాను. నాది. స్కర్టు.

కోర్సు మాస్టరు వచ్చి స్కేలు పెట్టి చూశాడు. “కింది మడత రెండు వేళ్ళు ఎక్కువుందమ్మా. గుడ్డ దండగ.”

“పిల్లలు పెరగరా?” అన్నాను.

అని నేనే ఉలిక్కిపడ్డాను. ఆ గొంతు నాది కాదు.

జూన్ 22

ఇంట్లో పాఠాలు లేవు. తాతయ్య సాయంత్రాలు ఊరికే కూర్చుంటున్నాడు. మిషను ఆగకుండా నడుస్తోంది. రోజంతా. పోయిన చలికాలమంతా ఈ చప్పుడు ఎందుకు ఆగుతుందా అని తిట్టుకున్నాను. ఇప్పుడు ఆగకపోతే నాకు తోచడం లేదు.

జూన్ 29

వదిన గిన్నెలు తోముతూ మామూలుగా అంది, “మీ అమ్మ నన్నో మాట అడిగారు. పదో తరగతి రాయడానికి వయసు అడ్డమేమైనా ఉందా అని. ముందు చిన్న తరగతుల పుస్తకాలు చదివితే సరిపోతుందా అని. నీకు చెప్పొద్దన్నారు.”

“నాకెందుకు చెప్పొద్దంది?”

“నువ్వు అరుస్తావని.”

“నేనెప్పుడు అరిచాను?” అన్నాను. పక్కింటావిడ కిటికీ తెరిచి చూసింది.

నాకు ఎంత కోపం వచ్చిందంటే రాయలేను. నా మీద. అక్కడ ఆపేస్తున్నాను.

జూన్ 30

కోర్సు నుంచి త్వరగా వచ్చాను. గుమ్మం దగ్గరే తెలిసింది, ఇంట్లో చప్పుడు లేదు.

అమ్మ మిషను బల్ల మీద స్కర్టులు పక్కకు జరిపి నా పాత లెక్కల పుస్తకం పెట్టుకుంది. నేను గోడకు విసిరినదే, ఆ పేజీ ఇంకా నలిగే ఉంది. చేతిలో సుద్ద. చెక్క మీద గీస్తోంది లెక్క. నన్ను చూసి కొంగుతో తుడిచేయబోయింది.

“తుడవకు,” అన్నాను. అరవలేదు.

పొలం పొడవు నలభై, వెడల్పు ముప్ఫై. చుట్టూ తీగ ఎంత? కింద జాగ్రత్తగా, ఒక్కో అంకె గుండీ కుట్టినట్టు వేసి ఉంది: నూట నలభై ఎనిమిది.

నా తప్పే. అచ్చు నా తప్పు. కాదు, ఆవిడ తప్పే నాకు వచ్చింది. నాకు కత్తెర పట్టడం నేర్పింది ఎవరు మరి?

“ఎవరు వదలమన్నారమ్మా?”

“వదలకుండా ఎలాగే?”

“పొలానికి కుట్టు లేదు. ఉన్న కొలతే రాయాలి. పొలం పెరగదు.”

అమ్మ కళ్ళద్దాలు పైకి తోసుకుని పుస్తకంలోకి వంగింది. లెక్కంతా మళ్ళీ చదువుకుంది, పెదవులు కదుపుతూ. తలెత్తి అంది, “పెరగదని ఇక్కడ రాశాడా?”

తాతయ్య దుప్పట్లోంచి నవ్వాడు. నిద్రపోతున్నాడనుకున్నాను ముసలాయన.

నేను స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నాను. ఎర్ర సుద్ద తీసి ఆ నూట నలభై ఎనిమిది మీద అడ్డంగా గీత కొట్టాను. తప్పు తప్పే, అమ్మదైనా. పైన పెద్ద అక్షరాలతో రాశాను: వదలకు. మళ్ళీ చెయ్యమన్నాను.

చేస్తోంది. నేను పక్కనే కూర్చుని ఇది రాస్తున్నాను. సాయంత్రం కుట్టాల్సిన స్కర్టులు అలాగే ఉన్నాయి. మిషను ఆగే ఉంది.